ఆటపెట్టెల పరకాయ ప్రవేశం

మా తాతగారి యింటి ముందు గదిలో ఒక వాల్వు రేడియో ఉండేది. గాజు పలక మీద దేశదేశాల కేంద్రాల పేర్లు, మీట తిప్పగానే మెల్లమెల్లగా ఎఱ్ఱబారే వాల్వులు, అవి వేడెక్కిన తరువాత గాని పలుకని గంభీర స్వరం. ఇవన్నీ మా చిన్ననాట కొంత చూచినవి, కొంత పెద్దల నోట విన్నవి. ఆ రేడియో మూగబోయిన తరువాత ఇంటివారు ఒక మెకానిక్కును పిలిపించినారు. వాల్వులు ఇక దొరకవని చెప్పి, లోపలి సరంజామానంతా ఊడదీసి, ఆ చెక్క పెట్టెలోనే ఒక చిన్న ట్రాన్సిస్టరు సెట్టును అమర్చి ఇచ్చినాడతడు. పెట్టె మళ్ళీ పాడినది. ఇంటిల్లిపాదీ సంతోషించినారు. తీసివేసిన వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు ఏ పాతసామాను బండి ఎక్కిపోయినవో ఎవరూ అడుగలేదు.

ఆ పెట్టె నేటికీ మా యింట ఉన్నది. దానిని చూచినప్పుడెల్లా మాకొక సందేహం కలుగుతుంది. ఆనాడు మెకానిక్కు ఆ రేడియోను బ్రతికించినాడా, లేక దాని కళేబరానికి అలంకారం చేసి పోయినాడా?

ఈ ప్రశ్న మా యింటి గుమ్మం దాటి చాల దూరం వెళ్ళినది. అమెరికాలోను, జపానులోను, ఐరోపాలోను పాత ఆర్కేడ్ యంత్రాలను సేకరించేవారి మధ్య ఇదే ప్రశ్న నేడు గట్టి వివాదంగా నడుస్తున్నది. నాణెం వేస్తే కొంతసేపు ఆడనిచ్చే నిలువెత్తు వీడియో ఆటల పెట్టెలను ఆర్కేడ్ యంత్రాలంటారు. 1980, 1990 దశకాలలో మన నగరాలలోని వీడియో గేమ్ పార్లర్లలో వీటి ముందు నిలిచి చిల్లర ఖర్చుపెట్టినవారు మా శ్రోతలలోను ఉండవచ్చు. ఆ పెట్టెలలో చాలభాగం నేడు గోదాములలో, గరాజులలో ధూళి కప్పుకొని పడి ఉన్నవి. ఔత్సాహికులు వాటిని తెచ్చి, చెక్కను బాగుచేసి, రంగులు వేసి, లోపల ఒక చిన్న కంప్యూటరును అమర్చి, ఒక ఆటకు మారుగా పదులకొద్దీ ఆటలు ఆడగల యంత్రంగా మార్చుకొంటున్నారు. ఇది పునరుద్ధరణ అని కొందరు, విధ్వంసమని మరికొందరు వాదిస్తున్నారు. ఈ వాదంలో తీర్పు చెప్పడానికి ముందు ఆ పెట్టె చరిత్రను కొంత తెలుసుకోవలసి ఉన్నది. ఆ చరిత్రలో ఇరుపక్షాలవారికీ ఆశ్చర్యం కలిగించే విషయాలు కలవు.

నాణెంతో ఆడే వీడియో ఆట వ్యాపారంగా వెలసినది 1971లో. నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో 'కంప్యూటర్ స్పేస్' అనే ఆటను రూపొందించినారు. వంపులు తిరిగి మెరిసే ఫైబర్‌గ్లాసు పెట్టెలో అది మార్కెట్టుకు వచ్చినది. చూపరులను ఆకర్షించినదే గాని ఆట జటిలమై, ఆశించినంత ఆదరణ పొందలేదు. మరుసటి సంవత్సరం అదే యిద్దరూ స్థాపించిన అటారీ సంస్థ 'పాంగ్' అనే ఆటను తెచ్చినది. ఆల్ ఆల్కార్న్ అనే ఇంజనీరు నిర్మించిన ఆ తొలి నమూనాను సన్నీవేల్ పట్టణంలోని ఒక పానశాలలో ఉంచినారు. కొన్నాళ్ళకే యంత్రం చెడిపోయినదని కబురు వచ్చినది. వెళ్ళి తెరచి చూడగా లోపల చెడినది ఏదీ లేదు. నాణేలు నిండి పొంగిపొర్లడం చేత కొత్త నాణెం పట్టడానికి చోటు లేకపోయినది! వ్యాపార చరిత్రలో ఇంత శుభప్రదమైన మరమ్మతు అరుదు.

అటుపిమ్మట ఆ పెట్టె ఆటకు పైతొడుగుగా మాత్రమే నిలువలేదు, ఆటలో ఒక భాగమైనది. 1978లో జపానుకు చెందిన టైటో సంస్థకై తొమోహిరో నిషికాడో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఇందుకు మంచి నిదర్శనం. ఆ యంత్రపు తెర నలుపు తెలుపులదే. ఆయా చోట్ల రంగు సెల్లోఫేన్ పట్టీలు అంటించి రంగుల భ్రాంతి కలిగించినారు. నిలువు పెట్టెలో పిక్చర్ ట్యూబు ఆటగాని కెదురుగా ఉండదు. లోపల కింది భాగంలో ఉంటుంది. దాని బొమ్మ సగం పారదర్శకమైన అద్దంపై ప్రతిఫలిస్తుంది. ఆ అద్దం వెనుక చంద్రమండలపు దృశ్యం చిత్రించి, దానిపై దీపకాంతి పడేటట్లు చేసినారు. అందుచేత శత్రుసేన నిజముగా ఆకాశంలో తేలివస్తున్నట్లు కనబడుతుంది. ఆ ఆటను నేటి కంప్యూటరు తెరపై ఎంత యథాతథంగా ఆడించినా ఆ చంద్రుడు మాత్రం కనబడడు. అతడు ప్రోగ్రాములో లేడు, పెట్టెలో ఉన్నాడు.

ఇంకొక చిత్రం. ఈ ఆటలో శత్రువులను కూల్చినకొద్దీ మిగిలినవారి నడక వేగం హెచ్చుతుంది. గీయవలసిన బొమ్మలు తగ్గడంతో నాటి ప్రాసెసరుకు భారం తగ్గి, అది వేగంగా పని చేయడమే దీనికి కారణం. నిషికాడో ఆ లోపాన్ని సరిదిద్దక, ఆటకు ప్రాణంగా నిలుపుకొన్నాడు. పాత యంత్రంలో గుణమేదో దోషమేదో పైపైన చూచి నిర్ణయించరాదని ఇది తెలుపుతున్నది.

అయితే ఇంత శ్రద్ధతో కట్టిన పెట్టెకు ఒక చిక్కు ఉన్నది. ఆట పాతబడుతుంది, పెట్టె పాతబడదు. ఆటగాళ్ళు కొన్ని నెలలలోనే ఒక ఆట మర్మాలన్నీ పసిగట్టి, దానిని విడిచి మరొకదాని ముందు చేరుతారు. యంత్రం కొన్న దుకాణదారుకు మాత్రం చెక్క, పిక్చర్ ట్యూబు, నాణేల తలుపు అన్నీ చెక్కుచెదరక ఉన్నవి. వాటి నన్నింటినీ పారవేసి, వేల డాలర్లు పోసి కొత్త పెట్టె తేవడమెందుకు? లోపలి ఆటను మాత్రం మార్చితే చాలదా? 1980లో జపానులోని డేటా ఈస్ట్ సంస్థ ఈ ఆలోచననే అమలుపరచి, టేపు క్యాసెట్టు మార్చగానే ఆట మారే పెట్టెను విపణిలో ప్రవేశపెట్టినది. ఆట టేపు నుండి యంత్రంలోకి ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది. టేపులు తరచు చెడిపోయేవి. ఊహ మంచిదే గాని సాధనం దానికి తగినది కాలేదు.

ఆటమార్పు చరిత్రలో మహాఘట్టం మరుసటి యేటనే వచ్చినది. జపానుకు చెందిన నింటెండో సంస్థ అమెరికాలో అప్పుడే శాఖ నెలకొల్పినది. మినోరు అరకావా దాని అధిపతి. 'రాడార్ స్కోప్' అనే ఆట జపానులో బాగున్నదని విని, ఆయన 3,000 యంత్రాలకు ఉత్తరువు పంపినాడు. అవి ఓడపై సముద్రాలు దాటి వచ్చేసరికి నెలలు గడచినవి. ఈలోగా జనుల అభిరుచి మారినది. వెయ్యి యంత్రాలు అతికష్టం మీద అమ్ముడుపోయినవి. తక్కిన 2,000 గోదాములో నిలిచిపోయినవి. సొమ్మంతా ఆ ఎఱ్ఱని చెక్క పెట్టెలలోనే ఇరుక్కొన్నది. శాఖ మనుగడకే ముప్పు వాటిల్లినది.

అరకావా మాతృసంస్థను కోరినదొక్కటే: ఈ పెట్టెలలోనే ఇముడగల కొత్త ఆట ఒకటి కావాలి. ఆ పని షిగేరు మియామొతో అనే యువ చిత్రకారునికి అప్పగించబడినది. అంతకుముందు సొంతంగా ఆటను రూపొందించిన అనుభవం ఆయనకు లేదు. గున్‌పేయ్ యోకోయ్ అనే సీనియరు ఇంజనీరు పర్యవేక్షకుడు. పొపాయ్ అనే ప్రసిద్ధ వ్యంగ్యచిత్రపు పాత్రలను వాడుకోవాలని మొదట తలచినారు, కాని హక్కులు లభించలేదు. అప్పుడు మియామొతో ఒక వడ్రంగిని, ఒక గొరిల్లాను, అది ఎత్తుకుపోయిన ఒక యువతిని కల్పించినాడు. ఆ ఆటయే 1981లో వెలువడిన 'డాంకీ కాంగ్'. అందులోని ఆ వడ్రంగికి తరువాత గోదాము యజమాని పేరు మీదుగా మారియో అని పేరు పెట్టినారు. లోకమంతటా పిల్లలెరిగిన మారియో పుట్టుక ఇదే.

జపాను నుండి మార్పు సామగ్రి వచ్చినది. అరకావా, ఆయన భార్య యోకో, కొద్దిమంది సహోద్యోగులు స్వయముగా పూనుకొని, ఒక్కొక్క పెట్టెను తెరచి, లోపలి సర్క్యూట్లు మార్చి, పాత పేరుపలక తీసి కొత్తది బిగించి, 2,000 యంత్రాలనూ సిద్ధం చేసినారు. అమ్ముడుపోని సరకు చూస్తూ ఉండగానే ఖర్చైపోయినది. ఆ తరువాత కొత్తగా నిర్మించిన పెట్టెలకు నీలిరంగు వేసినారు. అందుచేతనే నేటి సేకర్తలు ఎఱ్ఱని డాంకీ కాంగ్ పెట్టెను చూడగానే, అది ఒకనాటి రాడార్ స్కోప్ అని గుర్తుపట్టి, కళ్ళకద్దుకొంటారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఏ యంత్రాన్ని నేడు ముట్టుకోరాదని ఒక పక్షంవారు ఘోషిస్తున్నారో, ఆ యంత్రమే మరొక యంత్రపు దేహంలో పుట్టినది. ఇది ఒక ముఖం. రెండవ ముఖం కూడ చూడాలి. ఆ 2,000 పెట్టెలూ మారిపోయినందువల్ల, చెక్కుచెదరని రాడార్ స్కోప్ యంత్రం నేడు అత్యంత దుర్లభమైనది. ఒక్క చేతితోనే ఒక జననం, ఒక మరణం జరిగినవి. శంకరులవారు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ మనకు తెలియనిది కాదు. పరకాయ ప్రవేశానికి ముందు శిష్యులను పిలిచి, తాను విడిచిన దేహాన్ని గుహలో భద్రంగా కాపాడవలసినదని ఆయన ఆజ్ఞాపించినారట. నింటెండో గోదాములో అటువంటి శిష్యులు లేరు. సంస్థ మునిగిపోతున్న సమయంలో ఆ దేహాన్ని కాపాడుమనేవారూ లేరు.

అదే కాలంలో ఇంకొక ఉదంతం జరిగినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో డగ్ మెక్‌రే, కెవిన్ కర్రన్ అనే విద్యార్థులు వసతిగృహంలో కొన్ని ఆటయంత్రాలు ఉంచి నడుపుకొనేవారు. అటారీ వారి 'మిసైల్ కమాండ్' యంత్రం మీద రాబడి తగ్గిపోయినది. ఆటగాళ్ళు దానిలో ఆరితేరినందువల్ల ఒక్క నాణెంతోనే చాలసేపు ఆడుతున్నారు. ఆటను కష్టతరం చేసే ఒక అదనపు బోర్డును ఆ విద్యార్థులు తయారుచేసి, పత్రికలలో ప్రకటించి అమ్మినారు. అటారీ సంస్థ వారిపై దావా వేసినది. వ్యాజ్యం చివరకు రాజీగా ముగిసినది. యంత్ర నిర్మాత అనుమతి లేనిదే ఇటువంటి బోర్డులు అమ్మమని విద్యార్థులు ఒప్పుకొన్నారు. అప్పటికే వారి వద్ద 'పాక్-మాన్' యంత్రానికి తగిన మరొక బోర్డు సిద్ధంగా ఉన్నది. దానికి 'క్రేజీ ఆటో' అని పేరు. ఒడంబడిక ప్రకారం వారు అమెరికాలో పాక్-మాన్ యంత్రాలు తయారుచేస్తున్న మిడ్‌వే సంస్థ వద్దకు వెళ్ళినారు. కొత్త యంత్రం కోసం ఎదురుచూస్తున్న మిడ్‌వే ఆ బోర్డును కొన్నది. ముఖం మార్చి, తలపై ఎఱ్ఱని రిబ్బను కట్టగా 1982లో అది 'మిస్ పాక్-మాన్' అయినది. లక్షకు పైగా అమ్ముడుపోయి, అమెరికా ఆర్కేడ్ చరిత్రలో అగ్రశ్రేణిని అందుకొన్నది. అనగా ఈ ఘనకీర్తి గల ఆట కూడ మొదట ఒక మార్పు బోర్డే!

1982 తరువాత అమెరికాలో ఈ వ్యాపారానికి గడ్డుకాలం వచ్చినది. ఆటశాలలు ఒక్కొక్కటే మూతపడినవి. మిగిలినవారికి కొత్త పెట్టెలు కొనే శక్తి లేదు. అప్పుడు మార్పు సామగ్రి పెట్టెలు విరివిగా అమ్ముడుపోయినవి. ఒక సర్క్యూట్ బోర్డు, ఒక పేరుపలక, మీటల పలకపై అంటించే బొమ్మ, పక్కలకు రెండు స్టిక్కర్లు. ఇంతే ఆ సామగ్రి. 1985 ప్రాంతంలో జపాను యంత్ర నిర్మాతల సంఘం, వైరింగు అంతా ఒకే పద్ధతిలో ఉండాలని ఒక ప్రమాణం ఏర్పరచినది. దానిని సంఘం పేరుతోనే 'జమ్మా' అంటారు. బోర్డు అంచున ఒక్కొక్క వైపు 28 చొప్పున 56 స్పర్శలు, ఏది కరెంటుకు, ఏది తెరకు, ఏది మీటలకు అనే నిర్ణయం. ఇక పాత బోర్డు లాగి కొత్త బోర్డు గుచ్చడం నిమిషాల పని అయినది. 1986లో నింటెండో వారి 'ప్లేచాయిస్-10' ఒకే పెట్టెలో 10 ఆటలను ఇమిడ్చినది. అందులో నాణెం వేసి కొనేది ఆటను కాదు, కాలాన్ని. 1990లో ఎస్.ఎన్.కె. సంస్థ 'నియో జియో' యంత్రాన్ని తెచ్చినది. దానిలో ఆరు వరకు ఆటల కార్ట్రిడ్జ్‌లు పెట్టవచ్చును. కాబట్టి ఒకే పెట్టెలో పలు ఆటలు అనే ఊహ నేటి ఔత్సాహికుల సృష్టి కాదు, యంత్ర నిర్మాతలే వేసిన బాట.

అయినా ఈ సౌకర్యానికి మూల్యం చెల్లించక తప్పలేదు. అందమైన పాత బొమ్మలపై నల్లరంగు పూసినారు. మీటల పలకలకు కొత్త రంధ్రాలు తొలిచినారు. పాత బోర్డులు చెత్తలో కలిసినవి. దుకాణదారులను మేము నిందించబోము. ఎందుకంటే ప్రసారవృత్తిలో ఉన్న మాకు ఇటువంటి పాపంలో పాలున్నది. ఒకప్పుడు ధ్వనిముద్రణ టేపు ఖరీదైన వస్తువు. ఒక ప్రసంగం ప్రసారమైన తరువాత ఆ టేపునే చెరిపి, దానిపై మరొకటి ముద్రించడం లోకమంతటా ప్రసారకేంద్రాలకు అలవాటు. ఎందరో మహానుభావుల కంఠాలు ఆ విధంగా గాలిలో కలిసిపోయినవి. చెరిపినవారు దుర్మార్గులు కారు. రేపటి కార్యక్రమానికి టేపు కావలసి చెరిపినారు. నిత్యావసరం చరిత్రను గుర్తించదు.

1990 దశకం ముగిసేనాటికి పాత ఆర్కేడ్ యంత్రాలు చాలవరకు మూలపడినవి. అదే సమయంలో మరొక ద్వారం తెరచుకొన్నది. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరి 5వ తేదీన 'మేమ్' అనే ప్రోగ్రామును విడుదల చేసినాడు. సామాన్యమైన కంప్యూటరు చేత పాత ఆటయంత్రపు సర్క్యూట్లను అనుకరింపజేయడం దీని పని. పాత యంత్రాలు నశించినా వాటి నిర్మాణ రహస్యాలు నశించరాదని దీని ఆశయం. దేశదేశాల ప్రోగ్రామర్లు చేయికలపగా అది వేలకొద్దీ యంత్రాలకు విస్తరించినది. 2016లో ఎవరైనను స్వేచ్ఛగా వాడుకొని మార్చుకొనగల లైసెన్సు కిందికి వచ్చినది. ఆటల హక్కులు మాత్రం వేరు. అవి నేటికీ ఆయా సంస్థలవే. ప్రోగ్రాము ఉచితమైనంత మాత్రాన ఆటలు ఉచితములు కావు. 2012లో ఇంగ్లండులో 'రాస్ప్‌బెరీ పై' అనే అరచేతిలో ఇమిడే చవుక కంప్యూటరు వచ్చిన తరువాత, పాత పెట్టెలో ఒక మూల దానిని అమర్చి పలు ఆటలు ఆడించడం గృహస్థుల చేతిపని అయినది.

ఇక ఆ చేతిపని స్వరూపం చూద్దాం. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దల మాట దీనికీ వర్తిస్తుంది. మొదటిది చెక్క. పెట్టెలలో కొన్ని ప్లైవుడ్డువి, కొన్ని రంపపు పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డువి. తడి నేలపై ఏళ్ళ తరబడి నిలిచిన పార్టికల్ బోర్డు అడుగు భాగం తడిసిన రొట్టెవలె ఉబ్బి రాలిపోతుంది. చెడిన మేర కోసివేసి, కొత్త చెక్క అతికి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది చదును చేయాలి. ఓర్పు గలవారికి ఒక్కొక్కప్పుడు నిధి దొరుకుతుంది. పైన పూసిన నల్లరంగును మెల్లగా గీకివేయగా, అడుగున ఆ యంత్రపు తొలినాటి బొమ్మ బయటపడుతుంది. అట్లా బయటపడిన తరువాత కూడ దానిని కొత్త రంగుతో కప్పివేయగలవారి గుండెధైర్యం మాకు లేదు.

రెండవది పిక్చర్ ట్యూబు. ఇక్కడ మేము గట్టిగా హెచ్చరింపవలసి ఉన్నది. పాత రంగుల ట్యూబులో సుమారు 20,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడ అది కొంతకాలం నిలిచి ఉండగలదు. తెలియనివారు చేయి పెట్టరాదు. తెలిసినవారు ముందుగా ఆ విద్యుత్తును భూమిలోకి దింపి, తరువాతనే ఎండిపోయిన కెపాసిటర్లు తీసి కొత్తవి టంకం వేస్తారు. ఇటువంటి ట్యూబుల తయారీ లోకంలో దాదాపు ఆగిపోయినది గనుక, పగిలిన ట్యూబుకు మారు మరొక పాత యంత్రం నుండి రావలసినదే. అందుచేత చాలమంది దానిని తీసివేసి, పలుచని ఎల్.సి.డి. తెరను బిగిస్తున్నారు. సదుపాయమే, కాని ఆ బొమ్మలు నిర్మించిన చిత్రకారులు ట్యూబు తెరపై చుక్కలు కొంత కరిగి కలిసిపోతాయని ఎరిగి గీసినారు. కొత్త తెరపై అవే బొమ్మలు పదునైన గడులుగా కనబడతాయి.

మూడవది బోర్డు. పాత ఆటలు ఈప్రామ్ అనే చిప్పులలో విద్యుదావేశ రూపంలో నిక్షిప్తమై ఉన్నవి. వాటి నడినెత్తిన ఒక చిన్న గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు పడితే లోపలిది చెరిగిపోతుంది గనుక దానిపై స్టిక్కరు అంటించి ఉంచుతారు. ఆ స్టిక్కరు ఊడిపోరాదు. కిరణాలు పడకున్నను దశాబ్దాలు గడచినకొద్దీ ఆ ఆవేశం క్రమంగా క్షీణిస్తుంది. అంతకంటె విషాదకరమైనది బ్యాటరీ కథ. దొంగ నకళ్ళను అరికట్టడానికి కొన్ని సంస్థలు ఆటను సంకేతలిపిలో వ్రాసి, దాని తాళపుచెవి వంటి సమాచారాన్ని బ్యాటరీ ఆధారంతో నిలిపినవి. కాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన బోర్డులు ఇటువంటివే. బ్యాటరీ అయిపోతే తాళపుచెవి మాయం, ఆట మూగ! సేకర్తలు దీనిని ఆత్మహత్య బ్యాటరీ అని పిలిచినారు. 2016లో కొందరు ఔత్సాహికులు ఏళ్ళ పరిశోధన ఫలితంగా ఆ తాళపుచెవిని తిరిగి బోర్డులో నింపే మార్గం కనుగొన్నారు. చనిపోయినవనుకొన్న బోర్డులు లేచి కూర్చున్నవి. చెడిపోయినదని పారవేసినవారు ఎంత పొరపాటు చేసినారో అప్పుడు తెలిసినది.

ఇన్ని పనులూ పూర్తయిన తరువాత అసలు ప్రశ్న వస్తుంది. పలు ఆటలంటే ఏ ఆటలు? కంప్యూటరులో వేల ఆటలు పట్టవచ్చును, కాని పెట్టె అన్నిటికీ ఒగ్గదు. పాక్-మాన్ తెర నిలువుది, 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2' తెర అడ్డది. పాక్-మాన్‌కు నాలుగు దిక్కులకే కదిలే జాయ్‌స్టిక్ ఒక్కటి చాలు. స్ట్రీట్ ఫైటర్‌కు ఎనిమిది దిక్కుల జాయ్‌స్టిక్, ఆరు బటన్లు కావాలి. మిసైల్ కమాండ్‌కు అరచేతితో దొర్లించే బంతి, 'పోల్ పొజిషన్' అనే కార్ల పందెపు ఆటకు స్టీరింగు చక్రం ఉండాలి. అన్నీ ఒకే పలకపై బిగిస్తే అది ఆటపెట్టె కాదు, ఇనుప సామాను అంగడి అవుతుంది. అనుభవజ్ఞులు అందుచేతనే ఒక ఇతివృత్తం నిర్ణయించుకొంటారు. ఉదాహరణకు నిలువు తెర, ఒక జాయ్‌స్టిక్, ఒక బటను, 1980 మొదలు 1982 వరకు గల కాలం. పాక్-మాన్, డాంకీ కాంగ్, గాలగా, డిగ్ డగ్ అన్నీ ఇందులో సుఖంగా ఇముడుతాయి. పెట్టె బొమ్మలు, పేరుపలక, రంగులు అన్నీ ఆ కాలానికి తగినవే వేస్తారు. 2001లో నామ్‌కో సంస్థయే మిస్ పాక్-మాన్, గాలగా ఆటలను ఒకే పెట్టెలో చేర్చి, 1981 తరగతి విద్యార్థుల ఇరువదేండ్ల పునస్సమాగమమని పేరు పెట్టి అమ్మినది. సంఖ్య చేత గాక సామ్యం చేత ఆటలను కూర్చడం ఉత్తమ పద్ధతి అనడానికి ఇంతకంటె వేరు సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు ఆ వివాదానికి తిరిగి వద్దాం. మార్పు మహాపాపమనేవారికి చరిత్ర మద్దతు లేదు. డాంకీ కాంగ్, మిస్ పాక్-మాన్ రెండూ మార్పు నుండి పుట్టినవే. ఎల్లప్పుడూ మార్చుతూనే వచ్చినారు గదా, ఇప్పుడు మార్చితే తప్పేమి అనేవారి వాదం కూడ నిలువదు. 1981లో మార్చినవారి వెనుక వేలకొద్దీ పెట్టెలు ఉన్నవి. నేడు మార్చేవారి చేతిలోనిది ఆ వేలలో మిగిలిన ఒకటి కావచ్చును. నిండిన చెరువు నుండి కడవెడు నీరు ముంచుకొనడం వేరు, ఎండిన చెరువులోని కడపటి కడవను ముంచుకొనడం వేరు.

న్యూయార్కు రాష్ట్రంలోని రాచెస్టరు నగరంలో 'స్ట్రాంగ్' అనే క్రీడా మ్యూజియం ఈ యంత్రాలను శ్రద్ధతో కాపాడుతున్నది. అక్కడ 2015లో నెలకొల్పిన వీడియో ఆటల కీర్తిమందిరంలో పాంగ్, పాక్-మాన్ తొలి విడతలోనే స్థానం పొందినవి. న్యూయార్కు నగరపు ఆధునిక కళా మ్యూజియం 2012లో 14 ఆటలను తన కళాసంపదలో చేర్చుకొన్నది. ఒకనాడు పానశాల మూల నిలిచిన వస్తువు నేడు కళాఖండాల సరసన నిలిచినది. కాని మ్యూజియాలు అన్నిటినీ కాపాడలేవు. మిగిలినవాటి గతి గృహస్థుల విచక్షణ మీదనే ఆధారపడి ఉన్నది.

ఆ విచక్షణకు మాకు తోచిన హద్దులు మూడు. లోపలి భాగాలన్నీ పోయి ఖాళీగా మిగిలిన పెట్టెను నిస్సంకోచంగా మార్చవచ్చు. దానికి కొత్త ప్రాణం పోయడం పుణ్యమే. బోర్డు, ట్యూబు, బొమ్మలు అన్నీ ఉన్న యంత్రాన్ని మాత్రం బాగుచేయాలే గాని మార్చరాదు. పలు ఆటలు కావలెనంటే కొత్త చెక్కతో కొత్త పెట్టె కట్టుకోవచ్చు. అటువంటి పలకలు సిద్ధంగా అమ్ముతున్నారు. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్న యంత్రాన్ని మార్చవలసి వస్తే, తిరిగి పూర్వస్థితికి తేగల విధంగానే మార్చాలి. కొత్త రంధ్రం తొలువరాదు, పాత వైరు కోయరాదు, తీసినదానిని పారవేయరాదు. మరలు, బోర్డు, పేరుపలక అన్నిటినీ ఒక పెట్టెలో భద్రపరచి, ఏది ఎక్కడిదో కాగితం మీద వ్రాసి, దానిని యంత్రపు అడుగున ఉంచాలి. పరకాయ ప్రవేశం చేసేవారు విడిచిన దేహాన్ని కాపాడుకోవడమంటే ఇదే.

మా తాతగారి రేడియో పెట్టె సంగతి చెప్పి ముగిస్తాము. ట్రాన్సిస్టరు సెట్టు కూడ చాలకాలం క్రిందటనే మూగబోయినది. ఇటీవల ఒకనాడు వెనుక అట్ట విప్పి చూచినాము. వాల్వులు ఉండిన చోట చెక్కపై వేడికి కమిలిన గుండ్రని మచ్చలు వరుసగా కనబడినవి. ఆ మెకానిక్కు మీద మాకు కోపం లేదు. అతడు మాకు మళ్ళీ పాట వినిపించినాడు. తీసిన ఆ వాల్వులను ఒక గుడ్డలో మూటకట్టి ఆ పెట్టె అడుగుననే పెట్టి పోయి ఉంటే ఎంత బాగుండేది అని మాత్రం అనిపించినది. అందుకు అతనికి పట్టే కాలం అయిదు నిమిషాలు. మేము ఆనాడు అడిగి ఉంటే అతడు కాదనేవాడు కాదు.